సెన్సర్ కంపెనీ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఇంజినీర్లు పెట్టిన కంపెనీల చరిత్రలు ఓ పది చదవండి, మొదటి పేరా దాదాపు ఒకేలా ఉంటుంది. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పేశాడు, చీవాట్లు తిన్నాడు, పెద్దయ్యాక ఒక చిన్న గదిలో నలుగురితో పని మొదలుపెట్టాడు, ఇవాళ బోలెడు దేశాల్లో ఆఫీసులు. అది అబద్ధం అనట్లేదు. కానీ అందులో సెన్సర్ ఎక్కడుంది? సెన్సర్ అన్నచోట సబ్బు అని పెట్టినా ఆ పేరాకి ఏమీ కాదు, హాయిగా నిలబడుతుంది. అలా నిలబడిందంటే మీరు ఇంకా ఆ కంపెనీ గురించి రాయడం మొదలుపెట్టలేదన్నమాట.

నేను ఇలాంటివి కొన్ని రాశాను, అందులో ఒకటి బాగా చెడగొట్టాను కూడా. కంపెనీ పెట్టిన సంవత్సరాన్ని వాళ్ళ బ్రోషర్లోంచి ఎత్తి రాసేశాను. అక్కడ చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన టెక్నీషియన్ ఒకాయన ఫోన్ చేసి, "బాబూ, ఆ ఏడాది మేం ఇంకా వేరే పేరుతోనే బిల్లులు రాస్తున్నాం" అన్నారు. సిగ్గేసింది. ఆ దెబ్బతో కుదిరిన పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

ముందు వస్తువు, తర్వాత మనిషి

వ్యవస్థాపకుడి గురించి ఒక్క ముక్క చదవకముందే ఆ కంపెనీ మొదటి సెన్సర్‌ని, లేకపోతే దానికి దగ్గరి చుట్టాన్ని, చేతిలోకి తీసుకోండి. ఉదాహరణకి మీరు జపాన్‌లోని ఫిగారో ఇంజినీరింగ్ గురించి, దాని వెనకున్న నవోయోషి తగుచి గురించి రాస్తున్నారనుకుందాం. గ్యాస్ లీకైతే పసిగట్టే టిన్ ఆక్సైడ్ సెన్సర్ ఆయనది. ఈరోజు ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్ళు బ్రెడ్‌బోర్డు అనే ప్రయోగాల పలక మీద పెట్టుకునే ఎమ్‌క్యూ-2 లాంటి చవక సెన్సర్లన్నీ ఆ దారిలో వచ్చినవే. ఒకటి తెచ్చుకుని దగ్గరగా చూడండి. పైన సన్నటి స్టీలు జాలీ ఉంటుంది. లోపల బియ్యపు గింజంత సెరామిక్ గొట్టం, దాని మీద టిన్ డయాక్సైడ్ పూత, గొట్టం మధ్యలోంచి హీటర్ తీగ. హీటర్‌కి 5 వోల్టులిచ్చి కాసేపాగి పై డబ్బాని వేలితో ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. తమాషా ఏమిటంటే గదిలో మామూలు గాలే ఉన్నా, మొదట్లో రీడింగ్ ఏదో గ్యాస్ లీకైనట్టే పైకెగిరి, తర్వాత మెల్లగా దిగుతుంది. చాలాకాలం డబ్బాలో పడున్న ముక్కయితే పూర్తిగా కుదురుకోవడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు ప్రశ్నలు వాటంతటవే వస్తాయి చూడండి. ఎందుకు వేడి చేయాలి? గాలిలోని ఆక్సిజన్ ఆ పూత రేణువుల మీద చేరి ఎలక్ట్రాన్లని పట్టేసుకుంటుంది, దాంతో కరెంటు ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకి దాటడం కష్టమై రెసిస్టెన్స్ ఎక్కువగా ఉంటుంది. మండే గ్యాస్ వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిసిపోగానే ఎలక్ట్రాన్లకి విడుదల, రెసిస్టెన్స్ ఢమాల్న పడిపోతుంది. ఇదంతా చురుగ్గా జరగాలంటే పూత కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉండాలి. మరి మండే గ్యాస్‌ని పట్టుకోవడానికి లోపల అంతలా కాలే వస్తువు పెడితే అదే గ్యాస్‌ని అంటించదా? అందుకే జాలీ. 1815లో హంఫ్రీ డేవీ గని దీపానికి చుట్టింది కూడా ఇలాంటి జాలీనే, లోపలి మంట బయటికి రాకుండా. ఇక తగుచికి ఈ గొడవంతా ఎందుకంటే, 1960ల జపాన్‌లో ఇళ్ళలోకి ప్రొపేన్ వచ్చింది, దాంతోపాటు పేలుళ్ళూ వచ్చాయి. ఇంటింటికీ పెట్టాలంటే ఖరీదైన పరికరం కుదరదు. ఈ పూతలో వచ్చే మార్పు ఎంత పెద్దదంటే ఆంప్లిఫయర్ లేకుండానే అలారం మోగించొచ్చు, అంటే చవకలో అయిపోతుంది.

చూశారా, ఆయన బాల్యం గురించి ఏమీ తెలియకుండానే ఆయన ఏ చిక్కుతో కుస్తీ పట్టాడో అర్థమైపోయింది. ఏ సెన్సర్ తీసుకున్నా ఇంతే, ఇది రాకముందు ఆ కొలత ఎలా తీసేవాళ్ళు, లోపల నిజంగా మారేది ఏమిటి, దాన్ని తప్పుదోవ పట్టించేవి ఏమిటి (తేమ, వేడి, పక్కనున్న వేరే ఆవిర్లు), ఒకే ట్రేలోంచి తీసిన రెండు ముక్కలు ఎందుకు ఒకేలా చదవవు, ఈ నాలుగింటికీ మీ మాటల్లో జవాబు రాయగలిగాకే ముందుకెళ్ళండి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. బల్ల మీద ఒక సెన్సర్ పనిచేయించడం ఆవిష్కరణ, పదివేల సెన్సర్లు ఒకే మాట చెప్పేలా చేయడం కంపెనీ. చాలా చరిత్రలు మొదటిదాని దగ్గర చప్పట్లు కొట్టి రెండోదాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

ఒక తేదీ కాదు, కనీసం నాలుగు

ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి. మొదటిసారి పనిచేసింది ఎప్పుడు, పేటెంట్‌కి దరఖాస్తు ఎప్పుడు, కంపెనీ రిజిస్టరైంది ఎప్పుడు, మొదటి ముక్క అమ్ముడైంది ఎప్పుడు. ఈ నాలుగూ ఒకే సంవత్సరంలో పడటం చాలా అరుదు, ఏ వరుసలో వస్తాయో కూడా చెప్పలేం.

తగుచి జపాన్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టింది 1962లో, సెన్సర్ తయారీ, అమ్మకం మొదలైంది 1968లో, ఫిగారో ఇంజినీరింగ్ పేరుతో కంపెనీ వచ్చింది 1969లో. అమెరికాలో ఆయనకి 3631436 నంబరు పేటెంట్ దక్కింది 1971 డిసెంబరులో. మీరు ఈ చివరిదొక్కటే చూసి "1971లో కనిపెట్టాడు" అని రాస్తే తొమ్మిదేళ్ళు గల్లంతు. జర్మనీలో ఎర్విన్ సిక్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. కంపెనీ పెట్టింది 1946లో, మ్యూనిక్ దగ్గర వాటర్‌స్టెట్టెన్‌లో. ఆయనకి పేరు తెచ్చిన లైట్ కర్టెన్, అంటే మిషన్ ముందు వెలుతురు తెర లాంటిది పరిచి చెయ్యి అడ్డుపడగానే మిషన్ని ఆపేసే పరికరం, దానికి పేటెంట్ 1951లో, హానోవర్‌లో మిషన్ టూల్స్ ప్రదర్శనలో చూపించింది 1952లో. కంపెనీ ముందు, సరుకు తర్వాత.

ఈ తేదీల మధ్యనున్న ఖాళీలే మీ కథ. 1962 నుంచి 1968 వరకు ఆరేళ్ళు తగుచి ఏ ఇబ్బందులు దాటాడు, 1946 నుంచి 1951 వరకు సిక్ ఇల్లెలా గడిచింది, వెతకాల్సింది అక్కడ. ఖాళీ ఎంత పెద్దదైతే దాని కింద అంత సరుకు ఉందనుకోండి.

పేర్ల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. ఫిన్లాండ్‌లో వాతావరణ పరికరాలు చేసే వాయిసాలా కంపెనీ 1936ని తన పుట్టిన సంవత్సరంగా లెక్కపెట్టుకుంటుంది, కానీ 1944లో అది మిట్టారి అనే పేరుతో ఉండేది, 1955 నుంచే వాయిసాలా. కజుమా తతేయిసి 1933లో ఒసాకాలో మొదలుపెట్టిన కంపెనీ ఓమ్రాన్ అనే పేరుకి మారింది 1990లో, ఆ పేరు క్యోటోలోని ఒమురో అనే చోటు నుంచి వచ్చింది. "1933లో ఓమ్రాన్‌ని స్థాపించారు" అని రాస్తే ఎవరూ కేసు పెట్టరనుకోండి, కానీ పాత కేటలాగుల్లో, పాత బిల్లుల్లో వెతికేటప్పుడు ఏ పేరుతో వెతకాలో మీకే తెలియకుండా పోతుంది.

పేటెంట్ చదవడం భయపడేంత పనేం కాదు

పేటెంట్లు వెతుక్కునే వెబ్‌సైట్లు గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్ రెండూ ఉచితం. వ్యవస్థాపకుడి పేరుతో వెతికితే సగం దొరకవు, ఎందుకంటే పేరు స్పెల్లింగ్ దేశానికొకలా ఉంటుంది, కాబట్టి దొరికిన ఒక్క పేటెంట్ పట్టుకుని దాన్ని ఉదహరించిన తర్వాతి పేటెంట్లకి, అది ఉదహరించిన ముందటివాటికి గొలుసులా వెళ్ళండి.

తెరిచాక చివర్లో ఉండే క్లెయిముల (ఏది తమ హక్కో చెప్పే వాక్యాల) జోలికి ముందే వెళ్ళకండి, అది లాయర్ల భాష, నిద్రొస్తుంది. మొదట్లో "ఇంతకుముందున్న పరికరాల్లో ఈ లోపాలున్నాయి" అని ఒక భాగం ఉంటుంది. ఇంజినీరు మనసులో మాట అక్కడే వినపడుతుంది. పోటీవాళ్ళ సరుకు మీద చిరాకు, అప్పటికి ఏది ఖరీదు, ఏది తొందరగా పాడయ్యేది, అన్నీ మర్యాదగా తిట్టి పెట్టి ఉంటాయి. తర్వాత బొమ్మలు చూడండి, మీ చేతిలో ఉన్న సెన్సర్‌తో పోల్చండి. బొమ్మలో ఉండి సరుకులో లేనిది ఏదైనా కనిపిస్తే దాని గురించి తప్పకుండా ఎవరినైనా అడగండి.

తేదీల్లో అందరూ తడబడేది ఒకచోట. పైన పెద్దక్షరాల్లో కనిపించేది సాధారణంగా పేటెంట్ ప్రచురించిన తేదీ. మీకు కావలసింది ప్రయారిటీ తేదీ, అంటే ఏదో ఒక దేశంలో మొట్టమొదట దరఖాస్తు పెట్టిన రోజు.

ఇంకొకటి, కనిపెట్టినవాళ్ళ పేరు, హక్కుదారు పేరు వేరువేరు గళ్ళలో ఉంటాయి, రెండూ చూడండి. జర్మనీలోని పెపర్ల్ ఫుక్స్ కంపెనీలో వాల్టర్ పెపర్ల్, లుడ్విగ్ ఫుక్స్ వ్యవస్థాపకులు, 1945లో మాన్‌హైమ్‌లో రేడియో రిపేరు షాపుతో మొదలుపెట్టారు. కానీ ఆ కంపెనీకి దిశ చూపించిన ప్రాక్సిమిటీ స్విచ్‌ని, అంటే తగలకుండానే దగ్గరికొచ్చిన వస్తువుని పసిగట్టే స్విచ్‌ని, 1958లో తయారుచేసినవాళ్ళలో అక్కడి విల్‌ఫ్రీడ్ గేల్ ఉన్నాడు. బోర్డు మీద పేరున్నవాళ్ళకే ఘనతంతా రాసేస్తే అది చరిత్ర కాదు, సన్మానపత్రం.

పేటెంట్ గొడవ కోర్టుకెక్కిందంటే మీకు పండగే. అమెరికాలోని కాల్‌టెక్ అనే విద్యాసంస్థలో ఎడ్వర్డ్ సిమన్స్ 1930ల్లో స్ట్రెయిన్ గేజ్ ఆలోచన ఇచ్చాడు, సన్నటి తీగని లోహానికి అంటిస్తే లోహం సాగినప్పుడు తీగ రెసిస్టెన్స్ మారుతుంది, దాన్ని కొలిస్తే సరి. ఆ పేటెంట్ తనదేనని సంస్థ, తనదేనని సిమన్స్. చివరికి 1949లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు సిమన్స్ వైపు తీర్పిచ్చింది. ఎవరు ఏ పని చేశారు, ఎవరికి జీతం ఎంత, ఎవరికి ఏ బాధ్యత, ఇలాంటివి ప్రమాణం చేసి చెప్పిన మాటలుగా దొరికేది తీర్పుల్లోనే. ఏ ఇంటర్వ్యూలోనూ ఇంత శుభ్రంగా దొరకవు.

"ప్రపంచంలోనే మొట్టమొదటి" అని రాసేముందు

చెయ్యి ఆపండి. దాదాపు ప్రతి సెన్సర్‌కీ ఇద్దరు ముగ్గురు తండ్రులుంటారు. ఆ స్ట్రెయిన్ గేజ్‌నే తీసుకోండి, 1938లో ఎమ్‌ఐటీలో ఆర్థర్ రూజ్ భూకంపానికి నీళ్ళ ట్యాంకులు ఎలా ఊగుతాయో నమూనాల మీద చూస్తూ, సిమన్స్ సంగతి తెలియకుండానే అదే ఆలోచనకి వచ్చాడు. ఎస్‌ఆర్-4 అనే పేరుతో మార్కెట్లోకి వచ్చినప్పుడు ఎస్ అంటే సిమన్స్, ఆర్ అంటే రూజ్, 4 అంటే ఇందులో చెయ్యి ఉన్న నలుగురు. అంత హుందాగా తేలిపోయినవి తక్కువ.

గాలిలోకి బెలూన్ మీద పంపి రేడియోలో వాతావరణం చెప్పించే రేడియోసాండ్ కూడా అంతే. ఫ్రాన్స్‌లో రాబర్ బ్యూరో 1929లో ఎగరేశాడు, రష్యాలో పావెల్ మోల్చనోవ్ 1930 జనవరిలో, ఫిన్లాండ్‌లో విల్హో వాయిసాలా 1931 డిసెంబరు 30న. అంటే వాయిసాలా మూడోవాడు. మరి పెద్ద కంపెనీ ఆయనదే ఎందుకైంది? ఇది "ఎవరు మొదట" అనే దానికన్నా వందరెట్లు మంచి ప్రశ్న. గ్యాస్ సెన్సర్ల దగ్గర 1962లోనే క్యుషు యూనివర్సిటీకి చెందిన తెత్సురో సెయామా జింక్ ఆక్సైడ్ పొరతో గ్యాస్‌ని పట్టొచ్చని పరిశోధన పత్రం వేశాడు, తగుచి దరఖాస్తూ అదే ఏడాది. ఒకరిది పత్రం, ఒకరిది సరుకు. ప్రాక్సిమిటీ స్విచ్ విషయంలో పెపర్ల్ ఫుక్స్ 1958 అంటుంది, ఓమ్రాన్ 1960 అంటుంది, ఎవరికి వాళ్ళు తమదే మొదటిదని చెప్పుకుంటారు.

మీరు చేయాల్సింది తీర్పివ్వడం కాదు. మాటని బిగించి రాయడం. "మొదటి గ్యాస్ సెన్సర్" అనకుండా "ఇళ్ళలో పెట్టుకునే అలారాల కోసం పెద్ద ఎత్తున తయారైన టిన్ ఆక్సైడ్ సెన్సర్" అనండి. కాస్త పొడుగే, కానీ ఎవరూ వేలెత్తి చూపలేరు, పైగా చదివేవాడికి అసలు విషయం ఇందులోనే ఎక్కువ తెలుస్తుంది.

మొదట కొన్నది ఎవరు

ఇది రాయనివాళ్ళే ఎక్కువ. వాయిసాలా గురించి రాస్తే 1936లో ఎమ్‌ఐటీలోని వాతావరణ శాస్త్రవేత్త కార్ల్ గుస్తాఫ్ రాస్‌బీకి వెళ్ళిన 20 రేడియోసాండ్ల ఆర్డరు దగ్గర కాసేపు కూర్చోండి. ఎగరేస్తే మళ్ళీ చేతికి రాకుండా పోయే వస్తువు అది. అంటే ప్రతిదీ చవకగా ఉండాలి, ప్రతిదాన్నీ విడిగా క్యాలిబ్రేట్ చేసి, అంటే తెలిసిన కొలతతో సరిచూసి, పంపాలి, అవతలివాళ్ళు ఇంకో ఖండంలో ఉండి నమ్మాలి. ఒకటి చేసినవాడు 20 చేయగలడా అన్న పరీక్ష అక్కడే. పెపర్ల్ ఫుక్స్ స్విచ్‌కి అడిగినవాళ్ళు బీఏఎస్‌ఎఫ్ రసాయనాల ఫ్యాక్టరీవాళ్ళు, ఒకదానికొకటి తగులుతూ అరిగిపోయే కాంటాక్టులు మాకొద్దు మొర్రో అని. కొన్నవాడి కష్టం తెలిస్తే డిజైన్ అలా ఎందుకుందో దానంతటదే తెలుస్తుంది.

కొననివాళ్ళనీ వెతకండి. రూజ్ తన స్ట్రెయిన్ గేజ్ చూపిస్తే ఎమ్‌ఐటీ పేటెంట్ కమిటీ ఆసక్తికరమే గానీ వ్యాపారపరంగా పెద్ద ఉపయోగం ఉంటుందనుకోవట్లేదని హక్కులు ఆయనకే వదిలేసింది. తర్వాత విమానాల నుంచి తూకం మిషన్ల దాకా దాన్ని అతికించని చోటు లేదు. ఇది చదివి కమిటీని వెక్కిరించాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ వాళ్ళ ముందున్నది ఒక తీగ, కాస్త జిగురు. మీరైతే ఏమనేవారు?

మనుషులతో మాట్లాడేటప్పుడు

వ్యవస్థాపకుడు బతికుంటే అందరూ అడిగే "మీ ప్రయాణంలో ఎదురైన సవాళ్ళు" అడగొద్దు. ఆయన దగ్గర ఆ జవాబు ఎప్పుడో రెడీగా ఉంటుంది, వందసార్లు చెప్పి నున్నగా అయిపోయి ఉంటుంది. కాగితం, పెన్ను చేతికిచ్చి మొదటి సెన్సర్ బొమ్మ గీయమనండి. గీస్తూ గీస్తూ ఒకచోట ఆగుతారు. "ఇక్కడ మొదట వేరే జిగురు వాడాం" అంటారు. అక్కడ పట్టుకోండి.

ఆయనకన్నా టెక్నీషియన్లు, అసెంబ్లీలో పనిచేసినవాళ్ళు, సర్వీసుకి తిరిగినవాళ్ళు ముఖ్యం. మైక్రోస్కోపు కింద వెంట్రుకకన్నా సన్నటి తీగలు అతికించినవాళ్ళ పేర్లు ఏ పేటెంట్లోనూ ఉండవు, వాళ్ళు చెప్పకపోతే ఆ పని ఎలా జరిగిందో ఎక్కడా ఉండదు. వాళ్ళని అడగాల్సినవి చాలా చిన్న ప్రశ్నలు. ట్రేకి ఎన్ని పారేసేవాళ్ళు? గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో పారేసేవి పెరిగేవా? క్యాలిబ్రేషన్ ఎవరు చేసేవాళ్ళు, ఒక్కోదానికి ఎంతసేపు పట్టేది? కస్టమర్ దగ్గర నుంచి వెనక్కొచ్చినవాటిలో మామూలుగా కనపడే జబ్బు ఏమిటి? సంవత్సరాలు మాత్రం వాళ్ళ జ్ఞాపకం మీద వదిలేయకండి, ఎవరికీ గుర్తుండవు. "కొత్త ఓవెన్ వచ్చాకా, రాకముందా?" అని అడిగి, ఓవెన్ బిల్లు మీద తేదీ చూసుకోండి.

పాత డేటాషీట్లు, అంటే సెన్సర్ కొలతలు, హద్దులు రాసిచ్చే కాగితాలు, దొరికితే వదలొద్దు. ఒకే సెన్సర్‌కి వేర్వేరు ఏళ్ళలో వచ్చిన మూడు డేటాషీట్లు పక్కపక్కన పెట్టి, ఏ అంకె మారిందో గీత గీయండి. టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) తగ్గిందంటే ఫ్యాక్టరీలో ఏదో బాగుపడింది. పనిచేసే ఉష్ణోగ్రత హద్దులు చడీచప్పుడు లేకుండా కుదించారంటే ఎక్కడో ఎవరి దగ్గరో ఏదో పేలింది, లేకపోతే కనీసం పెద్ద గొడవైంది. ఈ సంగతి బ్రోషర్లో ఎప్పటికీ రాదు.

రాయడం

ఇప్పుడు రాయండి, ఇంతవరకు వచ్చాక ఇది తేలికే. మొదటి వాక్యంలో కొలత ఉండాలి. తతేయిసి గురించైతే "1930ల్లో ఎక్స్‌రే తీసేటప్పుడు మిషన్ని సెకనులో ఇరవయ్యో వంతులో ఆపగలిగే టైమర్ కావాలి" అని మొదలుపెట్టి చూడండి, ఎందుకంటే ఆయన కంపెనీ మొదటి సరుకు అదే. ఎవరు, ఎక్కడ, ఏ చదువు అన్నది మూడో పేరాలో వచ్చినా ఎవరికీ కొంప మునగదు. రేడియో విప్పిన బాల్యం కావాలంటే పెట్టండి, కానీ ఆ విప్పడం తర్వాతి పనిలో ఎక్కడో పనికొచ్చిందని చూపించగలిగితేనే. డబ్బు, షేర్లు, కొనుగోళ్ళు, విలీనాలు ఒక పేరాలో సర్దేయండి. అవార్డులైతే ఒక వాక్యం చాలు.

కంపెనీవాళ్ళు డ్రాఫ్ట్ ముందు మాకు చూపించండి అంటారు. వాస్తవాలు సరిచూసుకోవడానికైతే చూపిస్తాను, వాక్యాలు మార్చడానికి కాదని మొదటి రోజే చెప్పేయండి, మధ్యలో చెబితే టెన్షన్. వాళ్ళకన్నా ముందు ఒక కాపీ రిటైరైన టెక్నీషియన్‌కి పంపండి. ప్రింటు తీసి, కుడిపక్క బాగా మార్జిన్ వదిలి, అంకెలన్నిటి కింద గీత గీసి పంపండి. నాకైతే చివరిసారి పంపినప్పుడు కాగితం నిండా ఎర్ర ఇంకుతో తిరిగొచ్చింది, మిల్లీవోల్టులన్నచోట మైక్రోవోల్టులు, ఓవెన్ వేడి దగ్గర యాభై డిగ్రీలు తేడా, పక్కన చిన్నక్షరాల్లో ఇంకో ముగ్గురి పేర్లు, "వీళ్ళని కూడా అడుగు" అని.